చట్రంలో నిద్ర

సోమవారం. పడమటి గాలి. నీరు చదునుగా ఉంది.

నర్సు కెజియా నిన్న ఇంటికొచ్చి, మంచం పట్టిన మనిషిని చూసుకునేవాళ్ళు రోజుకి నాలుగు ముక్కలు రాసిపెట్టుకుంటే మంచిదని చెప్పింది. "ఆవిడ గురించి వద్దు మావయ్యగారూ, మీ గురించి రాయండి" అంది. నా గురించి ఏముంటుంది రాయడానికి? ఆ పిల్ల మాట తీసెయ్యలేక మొదలుపెట్టాను. పడవ నడిపినవాళ్ళకి గాలీ నీరూ ముందు రాసుకోవడం అలవాటు. నేనూ అలాగే రాశాను.

నా పేరు నూకరాజు. డెబ్భై దాటాయి. మాది తేలూరు, అంటే తేలే ఊరు. గట్టు మీదవాళ్ళు పేరు విని ఇక్కడ తేళ్ళుంటాయేమో అనుకుంటారు. సముద్రం మా పాత పేటని మింగేశాక నీళ్ళ మీదే కట్టుకున్న ఊరిది. పెద్ద పెద్ద తెప్పలు, వాటి మీద ఇళ్ళు, తెప్పకీ తెప్పకీ మధ్య వంతెనలు. నేను సముద్రపు నాచు తోటలో పడవ మీద పనిచేసి మానేశాను. నా భార్య వీరవేణి రేవులో క్రేను నడిపేది. పైనున్న గదిలోంచి ఆవిడ ఈల వేస్తే కిందున్న మగాళ్ళు పరుగులు పెట్టేవారు. మాకు పిల్లలు లేరు.

మూడేళ్ళ కిందట ఆవిడకి నరాల జబ్బు మొదలైంది. ముందు కాళ్ళు పోయాయి, తరవాత కుడిచెయ్యి, ఇప్పుడు మాట పోతోంది. ఒక్కో అక్షరం నూతిలోంచి తోడినట్టు వస్తుంది. ఆవిడని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానానికి, మళ్ళీ మంచం మీదకి నేనే ఎత్తాలి. పుండ్లు పడకుండా రాత్రిళ్ళు కూడా పక్కకి తిప్పుతూ ఉండాలి. పోయిన వారం ఎత్తబోయి ఇద్దరం కింద పడ్డాం. దెబ్బలు తగల్లేదు గానీ లేవలేకపోయాం. పక్కింటి అచ్చియమ్మ చేపలు ఇవ్వడానికి వచ్చేదాకా నేలమీద పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఉన్నాం. వీరవేణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గురువారం. గాలి లేదు. ఉక్కపోత.

రేవువాళ్ళు మోత చట్రం ఒకటి ఇచ్చారు. పాతదే, అయినా బాగుంది. భుజాలకీ నడుముకీ కాళ్ళకీ పట్టీలు, వీపు మీద సన్నటి ఇనుప ఎముకలు. పెట్టెలు మోసేవాళ్ళు తొడుక్కుంటారు. బిగించడానికి వచ్చినవాడు సుభాన్. రేవులో చట్రాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. వీరవేణి దగ్గర కుర్రతనంలో పని నేర్చుకున్నాడట. వచ్చీరాగానే ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఇది మనిషి కదలికలు నేర్చుకుంటుందని చెప్పాడు. మనం చెయ్యి చాపేలోపు అదే చాపుతుందట. బరువు సగంలో ఉండగా మనిషి చెయ్యి వదిలేసినా చట్రం ఆ పని పూర్తిచేస్తేగానీ ఆగదట. లేకపోతే రేవులో కాళ్ళ మీద పెట్టెలు పడతాయి మరి.

ఈ రోజు దాన్ని తొడుక్కుని వీరవేణిని ఎత్తాను. పూలబుట్టని ఎత్తినట్టుంది. ఆవిడ నా మెడ చుట్టూ ఎడంచెయ్యి వేసి, పెళ్ళయిన కొత్తలో ఎత్తుకున్నప్పుడు చూసినట్టు చూసింది. చాలా రోజుల తరవాత ఆవిడకి తలంటి పోశాను. రేవువాళ్ళకి ఏమిచ్చి రుణం తీర్చుకోను?

మంగళవారం. నైరుతి గాలి. చిన్న జల్లు.

రాత్రి లేచినప్పుడల్లా పట్టీలు పెట్టుకోవడం నా వేళ్ళకి చేతకావడం లేదు. పెట్టుకునేలోపు వీరవేణి నొప్పితో ఏడుస్తోంది. అందుకని చట్రంతోనే పడుకుంటున్నాను. ఆవిడ మంచం పక్కన చాప మీద పడుకుంటే దాని ఇనుము ఆవిడ ఒంటికి ఒరుసుకోదు. సుభాన్‌ని అడిగితే నాకు ఒత్తుకోకుండా పట్టీల కింద మెత్తటి గుడ్డలు కుట్టి ఇచ్చాడు. ఆవిడ మూలిగితే చాలు, లేచి తిప్పేసి మళ్ళీ పడుకుంటున్నాను.

పొద్దున్నే వాన తొట్టెలోంచి నీళ్ళు పట్టి, నాచు ఉడకబెట్టి, గంజి వడకట్టి ఆవిడకి పట్టాను. మధ్యాహ్నం ఎప్పట్లాగే ఇంటి ముందరి అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టాను. అక్కణ్ణుంచి రేవు క్రేను కనిపిస్తుంది. ఇప్పుడు నడుపుతున్న పిల్ల తొందరపడుతోందని ఆవిడకి అసంతృప్తి. మొహం చూస్తే తెలిసిపోతుంది.

శుక్రవారం. ఎండ. నీరు తేటగా ఉంది.

దేవుడు నా మొర విన్నాడు. కొన్నాళ్ళుగా వీరవేణి రాత్రిళ్ళు నన్ను పిలవడం లేదు. పడుకున్నవాణ్ణి తెల్లారేదాకా మెలకువ రాకుండా నిద్రపోతున్నాను. కెజియా వచ్చి ఆవిడ వీపు చూసి, ఎక్కడా ఒక్క పుండు లేదని సంతోషపడింది. జబ్బు కాస్త వెనకపట్టు పట్టిందేమో అన్నాను. ఆ జబ్బు వెనక్కి వెళ్ళదని ఆ పిల్లకి తెలుసు. అయినా నా సంతోషం పాడుచెయ్యలేదు.

ఒక్కటే అర్థం కావడం లేదు. ఇంత నిద్రపోయినా లేవగానే ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంటోంది. కాళ్ళు, ముఖ్యంగా పిక్కలు, వల లాగి వచ్చినట్టు పీకుతున్నాయి. ముసలితనం కాబోలు.

సోమవారం. నైరుతి గాలి పెరిగింది.

టీలో ఉప్పు వేశాను. వీరవేణి ఒక గుక్క తాగి, ఉమ్మకుండా మింగేసి, టీ కప్పు వైపు చూసింది. నేను తాగి చూస్తే గానీ తెలియలేదు.

మధ్యాహ్నం గంజి పడుతూ చెంచా ఆవిడ నోటి దగ్గర ఉండగానే కునుకు పట్టేసింది. కళ్ళు తెరిచేసరికి గిన్నె ఖాళీగా ఉంది, ఆవిడ మూతి తుడిచి ఉంది. తిన్నావా అంటే తల ఊపింది. ఏదో చెప్పబోయింది. "వి... వి..." అంటూ ఉండిపోయింది. విసుగ్గా ఉందా అన్నాను. కాదంది. విసనకర్ర కావాలా అన్నాను. కాదంది. పొయ్యి మీద నాచు పొంగుతుంటే లేచి వెళ్ళిపోయాను.

బుధవారం. అదే గాలి.

నీళ్ళకని వాన తొట్టె దాకా వెళ్ళి వంతెన మీదే నిద్రపోయాను. పడిపోలేదు. నడుస్తూనే నిద్రపోయాను. తెలివి వచ్చేసరికి మా ఇంట్లో ఉన్నాను. బిందెలు నిండి ఉన్నాయి. చట్రం నన్ను ఇంటికి తెచ్చింది. కూర్చుని దాని ఇనుప మోకాలిని చేత్తో నిమిరాను. కన్నబిడ్డ ఉంటే ఇంతకన్నా ఏం చేస్తాడు?

సాయంత్రం అచ్చియమ్మ వచ్చింది. వంతెన మీద ఎదురుపడి పలకరిస్తే మాట్లాడకుండా వెళ్ళిపోయానని మనసు కష్టపెట్టుకుంది. ఏం తప్పు చేశానన్నయ్యా అని అడిగింది. నిద్రలో ఉన్నానని చెప్పడానికి సిగ్గేసి, చూసుకోలేదమ్మా అన్నాను. నమ్మినట్టు లేదు. అయినా పీతలు వండి తెచ్చింది.

ఆదివారం. మబ్బు.

కెజియా నా రక్తం తీసి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయట. "మీరు బాగా అలిసిపోయారు, ఇది మందుకి తగ్గేది కాదు" అంది. ఉత్తరపు తెప్పల దగ్గర విశ్రాంతి ఓడ ఉంది. జబ్బుమనుషుల్ని వారం పది రోజులు అక్కడ పెట్టుకుంటారు, ఇంట్లోవాళ్ళు ఈలోపు నిద్రపోతారు. వీరవేణిని పంపమంది. నేను ఒప్పుకోలేదు. ఆవిడ ఇంకొకళ్ళ చేత్తో తినదు. గొంతులో ముద్ద అడ్డం పడితే ఎలా తట్టాలో నాకే తెలుసు. పైగా నేను రాత్రంతా నిద్రపోతూనే ఉన్నానుగా, నాకు విశ్రాంతి ఎందుకు?

ఆ పిల్ల వాదించలేదు.

మంగళవారం. గాలి మారుతోంది.

రాయడానికి మనసొప్పడం లేదు. పొద్దున్న వీరవేణి మందు ఉమ్మేస్తే అరిచాను. నలభై ఐదేళ్ళ కాపురంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను. "నేను కూడా మనిషినే" అన్నాను. ఆవిడ ఏడవలేదు. ఎడంచేత్తో నా ఛాతీ మీది పట్టీ పట్టుకుని లాగుతూ "వి... ప్పు" అంది. జాకెట్టు బిగుతుగా ఉందేమోనని ఆవిడ హుక్కులు వదులు చేశాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ "విప్పు" అంది. జడ విప్పాను. కళ్ళు మూసుకుంది.

ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక నాలో అయిపోయింది. ఇదివరకు ఆగేవాణ్ణి. ఇప్పుడు సగంలోనే ఏదో ఒకటి ఊహించేసి ఆ పని చేసేస్తున్నాను.

శనివారం. వాయుగుండం దాటింది. ఇంకా అలలు పెద్దవే.

నిన్న జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్నే సైరను మోగింది. వంతెనలు ఎత్తేశారు. తెప్పలు ఒకదానికొకటి కొట్టుకోకుండా గొలుసులు వదులు చేశారు. ఎవ్వరూ గడప దాటవద్దని చాటారు. అరుగు మీది కుర్చీ లోపల పెట్టి, తలుపు గడియ వేసి, వీరవేణికి గంజి పట్టి మంచం మీద పడుకోబెట్టాను. వాన చప్పుడుకి కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడ్డాయి. చట్రం ఒంటి మీదే ఉంది.

నాకు మెలకువ వచ్చింది చెవి నొప్పితో. కళ్ళు తెరిస్తే ఎదురుగా గోడ లేదు, సముద్రం ఉంది. నేను అరుగు చివర, కమ్మీ దగ్గర నిలబడి ఉన్నాను. వాన మొహానికి రాళ్ళలా తగులుతోంది. వీరవేణి నా చేతుల్లో ఉంది. నా ఎడమ చెవిని పళ్ళతో కొరికి పట్టుకుని ఉంది. చట్రం ముందుకి వంగుతోంది. రోజూ కుర్చీ ఉండే చోట ఆవిడని కూర్చోబెట్టబోతోంది. అక్కడ కుర్చీ లేదు. తెప్ప అటువైపుకి ఒరిగి ఉంది, ఒక అల వచ్చి ఆ పలకల మీంచి కడుక్కుంటూ పోయింది.

బలమంతా పెట్టి వెనక్కి లాగాను. నేను మేలుకున్నానని తెలియగానే చట్రం నా మాట వింది. ఆవిడని గుండెకి అదుముకుని వెనక్కి వెనక్కి నడిచి లోపల పడ్డాను. తలుపు కాలితో మూశాను. ఆవిడ అప్పుడు నా చెవి వదిలింది.

ఇద్దరం తడిసి ముద్దయి నేలమీద కూర్చున్నాం. ఆవిడని గోడకి చేరేసి దుప్పటి కప్పాను. ఆవిడ మళ్ళీ నా పట్టీ పట్టుకుంది. ఈసారి ఊహించలేదు. కూర్చుని చూశాను.

"చట్రం... విప్పు... మావా" అంది.

విప్పాను. పట్టీలన్నీ ఒక్కొక్కటే విప్పి గది మూలకి తోసేశాను. అది తీసేసరికి నా ఒళ్ళు నాకే మొయ్యలేనంత బరువుగా ఉంది.

ఆ తరవాత ఆవిడ చెప్పినదంతా పూర్తవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. బయట గాలి ఊళ వేస్తోంది, వెళ్ళడానికి ఎక్కడికీ లేదు, చెయ్యడానికి పనీ లేదు. ఒక్కో మాట వచ్చేదాకా ఆగాను. ఇన్నాళ్ళూ ప్రతి రాత్రీ నేను లేస్తూనే ఉన్నానట. కళ్ళు మూసుకునే లేచి, ఆవిడని తిప్పి, దుప్పటి సర్ది, నీళ్ళు పట్టి, కొన్నిసార్లు గది తుడిచి మళ్ళీ పడుకుంటున్నానట. ఆవిడ మూలిగితే చట్రం లేస్తుంది. లోపల నిద్రపోతున్న నన్ను కూడా లేపుకుపోతుంది. ఆవిడ పిలిచేదట, నేను పలికేవాణ్ణి కాదు.

అది తెలిశాక ఆవిడ రాత్రిళ్ళు మూలగడం మానేసింది. దగ్గు వస్తే దిండు అంచు పళ్ళ మధ్య పెట్టుకుని నొక్కేసేదట. పొద్దున్న దిండు తడిగా ఉంటే చొంగ అనుకుని రోజూ గలేబు మార్చాను నేను. ఆవిడ ఎంత ఓర్చుకున్నా చట్రానికి వేళలు అలవాటైపోయాయి. పిలవకపోయినా లేచేది.

"నువ్వు... పడుకోవాలని" అంది చివరికి.

ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. ఎడంచేత్తో నా చెవి నిమురుతూ ఉంది. అది ఇంకా మండుతోంది.

ఆదివారం. గాలి తగ్గింది. వంతెనలు దించారు.

సుభాన్, కెజియా కలిసే వచ్చారు. సుభాన్ చట్రం వెనక మూత తీసి, అది దాచుకున్న లెక్క చూశాడు. చూస్తుంటే అతని మొహం పాలిపోయింది. రేవులో పగలంతా మోత మోసినవాడు నడిచినంత నేను రాత్రిళ్ళు నడిచానట. చేతులూ కాళ్ళూ దానితో పాటు కదులుతూనే ఉన్నాయి కాబట్టి ఒళ్ళు పనిచేస్తూనే ఉంది. రేవులో ఎవరూ చట్రంతో పడుకోరు, అందుకని ఇలా అవుతుందని ఎవరికీ తోచలేదు. "గుడ్డలు కుట్టి ఇచ్చినవాణ్ణి నేనే బాబాయ్" అని తల దించుకున్నాడు. అతని భుజం మీద చెయ్యి వేశాను. నాకు అతని మీద కోపం లేదు. చట్రం మీద కూడా లేదు. ఇన్ని రాత్రుల్లో అది వీరవేణిని ఒక్కసారి కూడా పడెయ్యలేదు. ఆవిడ వీపు మీద ఒక్క పుండు కూడా లేకుండా చూసింది. ఆగడం ఎప్పుడో దానికి ఎవరూ నేర్పలేదు, అంతే.

నాకూ ఎవరూ నేర్పలేదని కెజియాతో అన్నాను. ఆ పిల్ల నవ్వి, "ఇప్పుడు నేర్చుకోండి" అంది.

ఇకమీదట చట్రం పగలు మాత్రమే తొడుక్కోమని చెప్పి, నేను కళ్ళు మూస్తే అది అక్కడే ఆగిపోయేలా సుభాన్ దాన్ని సరిచేశాడు. మరి రాత్రిళ్ళు ఎవరు చూస్తారు అన్నాను. అతను పనిముట్లు సర్దుకుని రేవుకి వెళ్ళాడు.

సాయంత్రం క్రేను పిల్ల రాజమణి వచ్చింది, వీరవేణికి నచ్చని ఆ తొందర పిల్లే. వెనకాల రేవులో పనిచేసే ఆడవాళ్ళు ఇంకొందరు. వాళ్ళందరికీ పని నేర్పింది వీరవేణే. నన్ను దాటుకుని తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళారు. రాజమణి కింద కూర్చుని, "అక్కా, రాత్రిళ్ళు మేం వంతులేసుకుని వస్తాం. ఉండమంటావా?" అని అడిగింది.

అంత సాయం ఎలా తీసుకుంటామమ్మా అని నేను ఏదో అనబోయాను. వీరవేణి నా వైపు చూడకుండానే ఎడంచెయ్యి పైకెత్తి వేలు తిప్పింది. ఎత్తు అనడానికి రేవులో చేసే సైగ అది. వాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. విషయం తేలిపోయింది.

నన్నేమో విశ్రాంతి ఓడకి పంపాలని కెజియా తేల్చింది. జబ్బుమనిషి ఇంట్లో ఉంటుంది, చూసుకునేవాడే వెళ్ళి పడుకుంటాడు. అలా ఎప్పుడూ చెయ్యలేదట, ఓడవాళ్ళు ముందు ఒప్పుకోలేదట. ఆ పిల్ల వాళ్ళతో ఏం మాట్లాడిందో గానీ ఒప్పించింది.

ఓడ మీద. ఏ రోజో చూసుకోలేదు. గాలి కూడా చూడలేదు.

పడుకున్నాను. లేచాను. అన్నం తిన్నాను. మళ్ళీ పడుకున్నాను.

ఓడ మీద. ఎండగా ఉంది.

మొదట లేచినప్పుడు భయం వేసింది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. వీరవేణి ముద్ద మింగిందో లేదో అని లేచి చెప్పులేసుకుని ఓడ అంచు దాకా వెళ్ళాను. అక్కడ నాకంటే పెద్దావిడ ఒకావిడ కూర్చుని వేయించిన వేరుశనగలు తింటోంది. ఆవిడ భర్త అదే ఓడలో కింది గదిలో ఉన్నాడట. ఆయన్ని ఇక్కడ పెట్టి తను ఇంటి దగ్గర నిద్రపోదామని తీసుకొచ్చిందట, వదిలి వెళ్ళలేక ఇక్కడే కూర్చుంది. నా చెప్పులు చూసి, "మొదటిరోజు నేనూ ఇలాగే బయల్దేరాను" అంది. పొట్లం నా వైపు జరిపింది. ఆ గింజల రుచి తెలిసింది నాకు. తినే వస్తువుకి రుచి ఉంటుందన్న సంగతే మరిచిపోయాను.

పిక్కల నొప్పి పోయింది. చెవి గాయం మానుతోంది. మచ్చ ఉండిపోతుందట. ఉండనీ.

ఇంటి దగ్గర. గురువారం. తూర్పు గాలి. నీరు చదును.

పొద్దున్న ఇంటికి వచ్చాను. వీరవేణి కుర్చీలో ఉంది. ఎవరో కొప్పు పెట్టారు, నాకు కొప్పు పెట్టడం రాదు. రాజమణి రాత్రి వంతు ముగించుకుని క్రేనుకి వెళ్ళబోతూ, అక్క నిన్న గొంతులో అడ్డం పడకుండా గిన్నెడు తిందని చెప్పింది. ఆ మాటకి నాకు సంతోషం వేసింది. లోపల చిన్నగా గుచ్చుకుంది కూడా, ఆ మాటా రాస్తున్నాను. తరవాత సంతోషమే మిగిలింది.

ఆవిడ జబ్బు తగ్గలేదు. నేను లేని ఈ కొన్ని రోజుల్లో ఎడమచేతి వేళ్ళు ఇంకాస్త బిగుసుకున్నాయి. కెజియా చూసి, ముందుముందు ఇంకా కష్టమవుతుందని దాచకుండా చెప్పింది. సరే అన్నాను. ఇద్దరం సరే అన్నాం.

టీకి నీళ్ళు పెట్టి, ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. పెదాలు కదిలాయి. ఏదో చెప్పాలనుకుంటోంది. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"ఆ... పిల్ల..." అంది.

రాజమణి గురించి. ఏమైనా ఇబ్బంది పెట్టిందేమో అని నోటిదాకా వచ్చింది. ఆగాను.

"చేపల... పులుసు..."

పొయ్యి మీద నీళ్ళు మరగడం మొదలైంది. మూత టకటకమంటోంది. వీరవేణి అటు చూసి, మళ్ళీ నన్ను చూసింది, లేస్తాననుకుని కాబోలు. నేను లేవలేదు. నీళ్ళు పొంగి పొయ్యి మీద పడి చుర్రుమన్నాయి. తరవాత నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన వచ్చింది. ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. నాకు ఎక్కడికీ వెళ్ళే తొందర లేదు.

"నీకంటే... బాగా... చేస్తుంది" అంది.